నొప్పి ఒకచోట, భయం ఒళ్లంతా

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిల్లల క్లాసులూ ఇంటి పనులూ పక్కనపెట్టి ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. ఈ హాల్లో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, ఫిజియోథెరపిస్టులున్నారు, ఫార్మసీల్లో పనిచేసేవాళ్లున్నారు. అందరం తెలుగువాళ్లమే, అందరం టెక్సస్‌లోనే ఉద్యోగాలు చేసుకుంటున్నాం. మన దగ్గరికి వచ్చే పేషెంట్లలో తెలుగువాళ్లు ఎంతమంది? నా వరకైతే ఏడాదికి ఐదారుగురు. రోజూ నా ఎదురుగా కూర్చునేది లాటినోలు, అంటే స్పానిష్ మాట్లాడే లాటిన్ అమెరికా మూలాలవాళ్లు. పదహారేళ్లుగా హ్యూస్టన్‌లో ఒక కమ్యూనిటీ క్లినిక్‌లో సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. వాళ్ల దగ్గర నేర్చుకున్న ఒక్క విషయం గురించే ఇవాళ మాట్లాడతాను. ఒంటి నొప్పికీ మనసులోని భయానికీ ఉన్న సంబంధం అది.

ఒకావిడ సంగతితో మొదలుపెడతాను. పేరు చెప్పను. ఎవరూ గుర్తుపట్టకుండా ఇద్దరు ముగ్గురి కథలు కలిపి చెబుతున్నాను. యాభై దాటిన మనిషి. హోండురస్ నుంచి వచ్చారు. రాత్రిళ్లు ఆఫీసు భవనాలు తుడిచే పని. నా దగ్గరికి రాకముందు రెండేళ్లలో మూడుచోట్ల చూపించుకున్నారు. మూడుచోట్లా చెప్పింది ఒకటే మాట. "మే దువేలె తోదో ఎల్ క్వెర్పో. తెంగో నెర్వియోస్." ఒళ్లంతా నొప్పులు, నెర్వియోస్ పట్టుకున్నాయి అని. నెర్వియోస్ అంటే బెంగ, భయం ఒంటిని పట్టడం, దాని గురించి తర్వాత వివరంగా చెబుతాను.

మొదటిచోట నడుముకి ఎక్స్‌రే తీసి పెద్దగా ఏమీ లేదన్నారు. రెండోచోట నెర్వియోస్ అంటే నరాలనుకుని చేతులకీ కాళ్లకీ నరాల పరీక్ష చేయించారు. అదీ నార్మల్. మూడోచోట నిద్రమాత్ర రాసి పంపారు. మూడు ఫైళ్లలో మూడు వేర్వేరు జబ్బులు రాసి ఉన్నాయి. ఆవిడ మాత్రం మొదటి రోజు నుంచీ ఒకే బాధ గురించి చెబుతున్నారు.

నిజానికి ఆ మాట మన చెవికి కొత్తది కాదు. మన ఊళ్లో "నరాలు పీకేస్తున్నాయి", "నరాల వీక్‌నెస్సు" అనేవాళ్లని ఎంతమందిని చూడలేదు? మా మేనత్త భర్త పోయాక రెండేళ్లపాటు ఒళ్లంతా సలుపులు అనేది. షుగర్ చూపించాం, ఎముకల డాక్టరుకి చూపించాం, బలానికి సూదులు వేయించాం. "రాత్రిపూట భయమేస్తోందా అత్తా?" అని ఇంట్లో ఒక్కరం అడగలేదు. సైకాలజీ చదువుతున్న నేను కూడా అడగలేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

లాటినోలు అని ఒక్క మాటలో అనేస్తున్నాను గానీ వాళ్లంతా ఒక్కటి కాదు. 2020 జనాభా లెక్కల్లో అమెరికాలో 6 కోట్ల 21 లక్షల మంది, అంటే నూటికి దాదాపు 19 మంది. అందులో ఎక్కువమంది మెక్సికో మూలాలవాళ్లు. ప్యూర్టోరికో వాళ్లు పుట్టుకతోనే అమెరికా పౌరులు. ఎల్ సాల్వడార్, గ్వాటెమాల, హోండురస్ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ప్రాణభయంతో వచ్చినవాళ్లు. బ్రాంక్స్, షికాగో, మయామీ, శాన్ డియేగో నగరాల్లో 2008 నుంచి 2011 దాకా 16,415 మంది లాటినో పెద్దవాళ్లతో ఒక పెద్ద ఆరోగ్య అధ్యయనం మొదలుపెట్టారు. అందులో డిప్రెషన్ లక్షణాలు ఎక్కువగా కనిపించినవాళ్లు మొత్తంమీద 27 శాతం. విడివిడిగా చూస్తే మెక్సికో మూలాలవాళ్లలో 22, ప్యూర్టోరికో వాళ్లలో 38. ఇంత తేడా ఉన్నవాళ్లని ఒక్క గాటన కట్టి "లాటినో పేషెంట్లంతా ఇంతే" అనడం సరికాదు. నేను ఇవాళ చెప్పేది ముఖ్యంగా టెక్సస్‌లో ఒళ్లు వంచి పనిచేసే వలస కుటుంబాల గురించి. మనం ఉంటున్న ఇళ్ల మీద కప్పు వేసింది వాళ్లే. మన ఆసుపత్రుల గదులు తుడిచేది వాళ్లే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నొప్పి మీద పరిశోధించే అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పికి నిర్వచనాన్ని సవరించింది. పాత నిర్వచనంలోనూ కొత్తదాంట్లోనూ మారనిది ఒకటుంది. నొప్పి అంటే ఒంటికి తెలిసే అనుభవం, మనసుకి తెలిసే అనుభవం, రెండూ కలిసినది. అంటే ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు కాబట్టి నొప్పి అబద్ధం అనే హక్కు మనకి లేదు. అలాగే ఎక్స్‌రేలో అరిగిన డిస్కు కనిపించింది కాబట్టి ఆ మనిషి భయం గురించి అడగక్కర్లేదు అనుకోవడమూ తప్పే.

నొప్పికీ మానసిక ఆరోగ్యానికీ మధ్యలో ఒక వంతెన ఉంది. ఆ వంతెన పేరు భయం. ఏ భయం? ఇక్కడ రెండు రకాలు చెప్పుకోవాలి.

మొదటిది, ఆందోళనని చూసి కలిగే భయం. స్టీవెన్ రైస్, రిచర్డ్ మెక్‌నాలీ అనే సైకాలజిస్టులు 1985లో దీన్ని వివరించారు. గుండె దడదడలాడింది అనుకోండి. ఒకరు "పొద్దున కాఫీ ఎక్కువైంది" అనుకుని పనిలో పడతారు. ఇంకొకరు "అయిపోయింది, గుండెపోటు" అనుకుంటారు. దడ ఒకటే. దానికి ఇచ్చుకున్న అర్థం వేరు. రెండో మనిషికి ఆ అర్థం వల్లే దడ ఇంకా పెరుగుతుంది, చెమటలు పడతాయి, ఊపిరి అందదు. ఒంట్లో ఏ చిన్న మార్పు వచ్చినా అది ప్రమాద ఘంటికలా వినిపించేవాళ్లు వీళ్లు.

రెండోది, నొప్పి మీద భయం. 1992లో మెక్‌క్రాకెన్ బృందం దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేసింది. అందులో నాలుగు పాయలున్నాయి. నొప్పి గురించే ఆలోచిస్తూ వేరే దానిమీద మనసు నిలవకపోవడం, నొప్పి వస్తే ఏదో ఘోరం జరుగుతుందన్న భయం, నొప్పి వస్తుందేమోనని పనులు తప్పించుకోవడం, నొప్పి తగలగానే ఒళ్లు వణికి గుండె వేగం పెరగడం. మన హోండురస్ అమ్మగారిలో నాలుగూ ఉన్నాయి. బకెట్ ఎత్తాలంటే భయం. ఎత్తకపోతే పని పోతుందని భయం. అందుకని ఒళ్లు బిగబట్టి ఎత్తుతారు. బిగబట్టిన కండరం ఇంకా నొప్పి పెడుతుంది. ఇంటికొచ్చి పడుకుంటే, పడుకున్నంతసేపూ నడుము గురించే ఆలోచన. నిద్ర పట్టదు. నిద్రలేని ఒంటికి మర్నాడు నొప్పి రెట్టింపు తెలుస్తుంది. ఆదివారం చర్చికి వెళ్లడం మానేశారు, అంతసేపు కూర్చోలేనని. చెల్లెలి ఇంటికి వెళ్లడం మానేశారు. అలా ఒక్కొక్కటీ మానుకుంటూ పోతే ఏం మిగులుతుంది? పని, మంచం. డిప్రెషన్ రావడానికి అంతకంటే ఏం కావాలి?

వ్లాయెన్, లింటన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో ఈ చక్రాన్ని చక్కగా బొమ్మ గీసి చూపించారు. దెబ్బ తగిలినవాళ్లలో నొప్పిని భయపడకుండా ఎదుర్కొన్నవాళ్లు మెల్లగా మామూలు అవుతారు. "ఇది తగ్గదు, నా పని అయిపోయింది" అనుకున్నవాళ్లు కదలికలు తగ్గించుకుని, ఒళ్లు బిగుసుకుపోయి, మళ్లీ నొప్పిలోకే వస్తారు. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు.

ఇది లాటినోల విషయంలో ఎంతవరకు నిజం? దీనిమీద ఎక్కువ పని జరిగింది మన హ్యూస్టన్‌లోనే. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో మైకేల్ జ్వొలెన్‌స్కీ బృందం, ఇన్సూరెన్స్ లేని పేదవాళ్లు ఎక్కువగా వెళ్లే కమ్యూనిటీ క్లినిక్‌లో లాటినో పెద్దవాళ్ల మీద వరసగా అధ్యయనాలు చేసింది. నొప్పి మీద భయం, ఆందోళన మీద భయం ఎక్కువగా ఉన్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలూ ఆందోళన లక్షణాలూ ఎక్కువగా కనిపించాయి. నొప్పి తీవ్రతతో పాటు ఆ నొప్పి పట్ల ఉన్న భయం కూడా లెక్కలోకి వస్తుందని వాటివల్ల తెలిసింది. అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. వీటిలో ఎక్కువ అధ్యయనాలు ఒకేసారి ప్రశ్నలడిగి కొలిచినవి. భయం వల్ల డిప్రెషన్ వచ్చిందా, డిప్రెషన్ వల్ల భయం పెరిగిందా అన్నది వాటితో తేలదు. నా అనుభవంలో రెండువైపులా నడుస్తుంది. ముందు ఏది వచ్చిందో పేషెంటుకే తెలియదు.

ఇంతవరకూ చెప్పింది ఏ దేశం మనిషికైనా వర్తిస్తుంది. మరి లాటినోల గురించి ప్రత్యేకంగా ఎందుకు? నా మనసుకి దగ్గరైన భాగం ఇదే, కొంచెం ఎక్కువసేపు చెబుతాను.

కాలిఫోర్నియా పొలాల్లో ఒక పొట్టి పార ఉండేది. దాని పిడి రెండడుగులు కూడా ఉండేది కాదు. స్పానిష్‌లో 'ఎల్ కోర్తీతో' అనేవాళ్లు, పొట్టిది అని. లెట్యూస్ చాళ్లలో, షుగర్ బీట్ చాళ్లలో కలుపు తీసి మొక్కలు పలచన చేయడానికి మెక్సికన్ కూలీలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడుం వంచి దాంతో పనిచేయాలి. పొడుగు పిడి ఉన్న పార లేక కాదు. వంగి చేస్తే పని శుభ్రంగా వస్తుందని యజమానుల వాదన. ఇంకో సంగతీ ఉంది. అందరూ వంగి ఉన్నప్పుడు ఎవరైనా నడుం నిటారు చేస్తే మేస్త్రీకి దూరం నుంచే కనిపిస్తుంది. ఎవరు పని ఆపారో చూసిన వెంటనే తెలిసిపోతుంది.

ఒక్కసారి ఆలోచించండి. నడుం నొప్పి పుట్టినప్పుడు ఎవరైనా చేసే పని నిలబడి ఒళ్లు విరుచుకోవడం. ఆ ఒక్క పనే అక్కడ నేరం. నొప్పి కంటే నొప్పి బయటపడటం ప్రమాదం అని ఆ పార వాళ్లకి నేర్పింది. వెన్నెముకలు దెబ్బతిన్నాయని డాక్టర్లు సాక్ష్యం చెప్పారు, కూలీల తరఫున లాయర్లు ఏళ్లతరబడి పోరాడారు. చివరికి 1975లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పార పోయింది. ఆ చాళ్లలో వంగినవాళ్లలో ఇప్పటికీ బతికున్నవాళ్లున్నారు. వాళ్ల పిల్లలకి నలభై, యాభై ఏళ్లు.

పార పోయింది గానీ పాఠం పోలేదు. ఇక్కడ హ్యూస్టన్‌లో ఇళ్లకి పైకప్పులు వేసే మనిషిని తీసుకోండి. ఆగస్టు ఎండ, నిచ్చెన, భుజం మీద షింగిల్స్ మూట, అంటే కప్పు మీద పరిచే పలకలు. ఆస్టిన్, డల్లాస్ నగరాలు కట్టడాల పనివాళ్లకి నాలుగు గంటలకొకసారి పది నిమిషాలు నీళ్లు తాగే విరామం ఇవ్వాలని నిబంధనలు పెట్టుకున్నాయి. అలాంటి స్థానిక నిబంధనలు చెల్లకుండా చేసే చట్టం 2023లో మన రాష్ట్రంలోనే వచ్చింది. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇచ్చే ఇన్సూరెన్స్ ప్రైవేటు యజమానులు తీసుకుని తీరాలన్న చట్టమూ టెక్సస్‌లో లేదు. ఆరోగ్య బీమా లేనివాళ్లు ఎక్కువ శాతం ఉన్న రాష్ట్రం కూడా ఇదే. అలాంటి మనిషికి నడుం పట్టేస్తే "నా పని అయిపోయింది" అనుకోవడం అతి ఆలోచనా? నిజమైన లెక్క అది. రెండువారాలు మంచం పడితే అద్దె కట్టలేడు.

అందుకే పుస్తకంలో ఉన్నట్టు "మీరు అనవసరంగా భయపడుతున్నారు" అని చెప్పే సైకాలజిస్టుని చూస్తే నాకు కష్టంగా ఉంటుంది. మొదట్లో నేనూ అలాగే చెప్పాను. ఒక పేషెంటు నన్ను చూసి, "దొక్తోరా, మీకు జీతంతో సెలవు ఉందా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. అప్పటి నుంచి భయాన్ని రెండుగా విడదీసి వింటున్నాను. అద్దె, పని, ఇమిగ్రేషన్ కాగితాలు, ఇవి నిజమైన భయాలు. వాటికి సోషల్ వర్కరు కావాలి, లాయరు కావాలి, ఒక్కోసారి యజమానికి రాసిన ఉత్తరం కావాలి. "వంగితే నా వెన్ను విరిగిపోతుంది", "గుండె దడ వస్తే చచ్చిపోతాను" లాంటివి ఒంటిని తప్పుగా చదువుకోవడం వల్ల వచ్చిన భయాలు. వాటికి నేను పనికొస్తాను. రెండిటినీ కలిపేసి మాట్లాడితే పేషెంటు మళ్లీ రాడు.

ఇక అంకెల దగ్గర ఒక చిక్కుముడి ఉంది. 2019లో ప్రభుత్వ సర్వే ప్రకారం అమెరికా పెద్దవాళ్లలో 20.4 శాతం మందికి దీర్ఘకాలపు నొప్పి ఉంది. తెల్లవాళ్లలో 23.6 శాతం. లాటినోలలో 13 శాతమే. ఇది చూసి "వాళ్లకి నొప్పి తక్కువ" అని పక్కన పెట్టేసినవాళ్లున్నారు. లాటినో జనాభా వయసులో చిన్నది, అది ఒక కారణం. వలస వచ్చేవాళ్లు ఆరోగ్యవంతులై ఉండటం ఇంకో కారణం. కానీ 2016లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష ఇంకో సంగతి చెప్పింది. లాటినోలు చెప్పే నొప్పి జబ్బుల సంఖ్య తక్కువే. అయినా నొప్పి పరీక్షల్లో వాళ్లకి నొప్పి ఎక్కువ తెలుస్తోంది, నొప్పి గురించి ఘోరంగా ఊహించుకోవడమూ ఎక్కువగా ఉంది.

స్పానిష్‌లో 'అగ్వాంతార్' అని ఒక మాట ఉంది. ఓర్చుకోవడం, పళ్లబిగువున భరించడం. "అయ్ కె అగ్వాంతార్" అంటారు, భరించాలి మరి అని. మన అమ్మలు "ఓర్చుకోవాలి తల్లీ, తప్పుతుందా" అనేవాళ్లు కదా, అచ్చం అదే గొంతు. ఈ మాట మనసులో ఉన్న మనిషిని "గత మూడు నెలల్లో ఎన్ని రోజులు నొప్పి ఉంది?" అని అడిగితే, "ఉంటుందిలెండి, అదేం పెద్ద నొప్పి" అంటారు. ఫారంలో 'లేదు' అని పడుతుంది.

నోరు తెరిచి చెప్పినా మనం విన్నామా అన్నది వేరే ప్రశ్న. 1993లో నాక్స్ టాడ్ బృందం లాస్ ఏంజెలస్‌లో యూసీఎల్‌ఏ యూనివర్సిటీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి చేయి, కాలు ఎముకలు విరిగి వచ్చినవాళ్ల రికార్డులు చూసింది. నొప్పి మందు అసలు ఇవ్వనివాళ్లు తెల్లవాళ్లలో 26 శాతం, హిస్పానిక్‌లలో, అంటే స్పానిష్ మూలాల లాటినోలలో, 55 శాతం. విరిగిన ఎముకకి! అక్కడ అనుమానానికి తావెక్కడుంది? ఆ అధ్యయనంలో హిస్పానిక్ పేషెంట్లు 31 మందే, ముప్పై ఏళ్లు దాటింది, అయినా ఆ రెండంకెలూ నేను మర్చిపోలేను. విరిగిన చేతికే మందు దొరకని మనిషి, కనపడని భయం గురించి మనకి ఎందుకు చెబుతాడు?

ఇప్పుడు నెర్వియోస్ దగ్గరికి మళ్లీ వద్దాం. అది ఒక జబ్బు పేరు కాదు. బతుకులో తగిలిన దెబ్బలన్నీ నరాల్లో చేరి ఒళ్లంతా పాకాయన్న భావన. తలనొప్పి, కడుపులో తిప్పడం, చేతుల వణుకు, ఏడుపు, నిద్రలేమి, అన్నీ ఒకే మాటలో ఉంటాయి. దానికి పెద్ద రూపం 'అతాకె దె నెర్వియోస్'. చావు కబురు విన్నప్పుడో, ఇంట్లో పెద్ద గొడవ జరిగినప్పుడో ఒక్కసారిగా కేకలు, ఏడుపు, ఛాతీలోంచి తలకి వేడి ఎక్కడం, వణుకు, ఒక్కోసారి పడిపోవడం. 1950లలో అమెరికా సైన్యంలో డాక్టర్లు ప్యూర్టోరికో సైనికుల్లో దీన్ని చూసి 'ప్యూర్టోరికన్ సిండ్రోమ్' అని పేరు పెట్టేశారు. ఒక జాతి మొత్తానికి జబ్బు అంటగట్టినట్టు.

దాన్ని గౌరవంగా చదివినవాళ్లు తర్వాత వచ్చారు. 1985 అక్టోబరులో ప్యూర్టోరికోలో కుండపోత వాన కురిసి, పోన్సె దగ్గర మమేయెస్ అనే పేట మీద కొండచరియ విరిగిపడి వందమందికి పైగా పోయారు. ఆ విపత్తు తర్వాత చేసిన సర్వేలో పీటర్ గ్వార్నాచియా, గ్లోరిసా కనీనో బృందం అడిగితే దాదాపు 16 శాతం మంది తమకి ఎప్పుడో ఒకప్పుడు అతాకె వచ్చిందన్నారు. అలా చెప్పినవాళ్లలో డిప్రెషన్, ఆందోళన జబ్బులు మిగతావాళ్ల కంటే ఎక్కువ. చావింట్లో గుండెలు బాదుకుని ఏడ్చి సొమ్మసిల్లిన మనిషిని మనం పిచ్చిది అనం. అక్కడా అనరు. కానీ "ఆవిడ మనసులో ఇంకా ఏముందో కనుక్కోండి" అని ఆ అతాకె మనకి చెబుతోంది. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5, అంటే అమెరికా సైకియాట్రిస్టులు మానసిక జబ్బులు గుర్తించడానికి వాడే పుస్తకం, దాని చివర్లో ఇలా ఒక్కో సంస్కృతి బాధని చెప్పుకునే తీరులు తొమ్మిదింటిని చేర్చారు. అతాకె, నెర్వియోస్, సుస్తో, అంటే గట్టిగా జడుసుకోవడం, అక్కడున్నాయి. మన దేశపు 'ధాతు' బాధ, అంటే వీర్యం పోతోందన్న బెంగ, కూడా అదే పట్టికలో ఉంది. ఇది చెప్పడం ఎందుకంటే, నెర్వియోస్ అనే మాట విని నవ్వుకునే తెలుగు డాక్టర్లని నేను చూశాను. మనం కూడా అదే పేజీలో ఉన్నాం.

ఇంకొక్క పరిశోధన చెప్పి ముందుకి వెళతాను. మార్గరీటా అలెగ్రియా బృందం 2002, 2003ల్లో దేశవ్యాప్తంగా లాటినోలనూ ఆసియన్లనూ సర్వే చేసింది. వలస వచ్చిన తరం కంటే ఇక్కడే పుట్టిన లాటినోలలో మానసిక జబ్బులు ఎక్కువ అని తేలింది. ప్యూర్టోరికో వాళ్లు దీనికి మినహాయింపు. అంటే ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే ఇరవైఐదేళ్ల కుర్రాడు "మెడ నొప్పి" అని వస్తే, "ఇతనికి ఇక్కడ అన్నీ తెలుసులే" అని వదిలేయకండి.

మరి మన గదిలో మనం ఏం చేయాలి? మనకి తెలిసిన పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ప్రశ్నావళి), జీఏడీ-7 (ఆందోళన ప్రశ్నావళి) స్పానిష్‌లో దొరుకుతాయి. వాడండి. కానీ ఫారం చేతికిచ్చే ముందు మాట్లాడండి. ముందు నొప్పి గురించే అడగండి, ఎందుకంటే వాళ్లు వచ్చింది దానికోసం. "ఎక్కడ నొప్పి?" తర్వాత "నొప్పి వచ్చినప్పుడు ఏమవుతుందని అనిపిస్తుంది?" అని అడగండి. నా పదహారేళ్లలో ఇంతకంటే పనికొచ్చిన ప్రశ్న లేదు. "నడుం విరిగిపోతుందని", "మా నాన్నలా మంచాన పడతానని", "పిల్లల్ని ఎవరు చూస్తారని", ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సమాధానం. మందులషాపులో ఉన్నవాళ్లు కూడా ఈ ప్రశ్న అడగొచ్చు.

తెలుగువాళ్లుగా మనకి ఒక వరం ఉంది. స్పానిష్‌లో 'తూ' అంటే నువ్వు, 'ఉస్తేద్' అంటే మీరు. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవాళ్లకి ఈ తేడా నేర్పడానికి తల ప్రాణం తోకకొస్తుంది. మనకి పుట్టుకతో వచ్చింది. వయసులో పెద్దావిడని 'దోన్యా' అని, పెద్దాయనని 'దోన్' అని పేరుకి ముందు చేర్చి పిలవండి, మనం గారు అన్నట్టు. ముందు ఇంటివాళ్ల క్షేమం అడగండి. రెండు నిమిషాలు పోతాయి. ఆ రెండు నిమిషాలు లేకపోతే మిగతా పదమూడు నిమిషాలూ వృథా.

పిల్లల్ని మాత్రం దుబాసీలుగా కూర్చోబెట్టకండి. ఇది నేను చేసిన తప్పు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, నా స్పానిష్ ఇంకా నడక నేర్చుకుంటోంది. దుబాసీ దొరకలేదు. పన్నెండేళ్ల కూతురు తల్లికి అనువాదం చేస్తోంది. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న మీకు తెలుసు, చచ్చిపోతే బావుండునని అనిపిస్తోందా అని. ఆ పిల్ల అడిగింది. తల్లి కూతురి మొహంలోకి చూసి "నో" అంది. నేను సున్నా వేసుకున్నాను. నెల తర్వాత తెలిసింది, ఆ రోజుకే ఆవిడ ఇంట్లో మాత్రలు పోగుచేసి పెట్టుకున్నారని. దేవుడి దయ, ఆవిడ ఇప్పుడు బాగున్నారు. ఫోన్‌లోనైనా సరే, శిక్షణ ఉన్న దుబాసీని వెంటనే పట్టుకుని ఆ ప్రశ్న అడగండి. వాయిదా వేయకండి, పిల్ల చేతా అడిగించకండి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ల కోసం ఉన్న 988 హెల్ప్‌లైన్‌లో స్పానిష్‌లో మాట్లాడొచ్చు. 2023 నుంచి మెసేజ్, చాట్ కూడా స్పానిష్‌లో ఉన్నాయి.

వైద్యం సంగతి. "ఇదంతా మీ మనసులోనే ఉంది" అని ఎప్పుడూ అనకండి. "నో ఎస్తోయ్ లోకా", నేను పిచ్చిదాన్ని కాదు, అంటూ లేచి వెళ్లిపోతారు. నేను ఒంటితోనే మొదలుపెడతాను. గదిలో ఇద్దరం నిలబడి గడియారం చూస్తూ ఒక్క నిమిషం ఉన్నచోటే పరిగెడతాం. డాక్టరు గుండె బాగుందని చెప్పాకే చేస్తాం. గుండె దడ వస్తుంది. "ఇది అదే దడేనా?" అని అడుగుతాను. అదే అంటారు. కూర్చుంటాం. రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఏ ఘోరమూ జరగలేదు. ఇలా వారానికోసారి. దడని చూసి బెదిరిపోవడం తగ్గుతుంది. నడుము విషయంలో ఫిజియోథెరపిస్టు పక్కనుండాలి. మొదటివారం ఖాళీ బకెట్, రెండోవారం పావు బకెట్ నీళ్లు. నొప్పి ఉన్నా కదలొచ్చని ఒంటికి తెలియాలి.

డిప్రెషన్‌కి సరిగా వైద్యం చేస్తే నొప్పీ తగ్గుతుందని చెప్పడానికి 2003లో వచ్చిన ఒక మంచి అధ్యయనం ఉంది. కీళ్లవాతమూ డిప్రెషనూ రెండూ ఉన్న 1001 మంది అరవై దాటినవాళ్లలో దాదాపు సగం మందికి వాళ్ల మామూలు క్లినిక్‌లోనే, సైకియాట్రీకి పంపకుండా, జట్టుగా వైద్యం చేశారు. మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లలో కీళ్ల నొప్పి తగ్గింది, పనులు చేసుకోవడం మెరుగైంది. డాక్టర్లకి నా విన్నపం ఏమిటంటే, ఇలాంటి పేషెంట్లని చీటీ రాసి ఊరవతలి సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే ఎక్కువమంది వెళ్లరు. బస్సు లేదు, సెలవు లేదు, సిగ్గు ఉంది. మనం ఉన్న గదిలోనే జరగాలి.

మా క్లినిక్‌లో ఈ పని నిలబడింది ప్రొమొతోరాల వల్ల. వాళ్లది అదే పేట, అదే భాష, చదువు పెద్దగా ఉండకపోవచ్చు. మన ఆశా కార్యకర్తల్లాంటివాళ్లు. ఇంటికి వెళ్లి వంటగదిలో కూర్చుని మాట్లాడతారు. నేను ఆరు నెలల్లో రాబట్టలేనిది వాళ్లు ఒక పూటలో వింటారు.

ఆఖరుగా ఒకాయన గురించి. మెక్సికోలోని మిచొవాకాన్ నుంచి వచ్చారు, నలభై లోపు వయసు, ఇళ్లకి కప్పులు వేసే పని. నడుం నొప్పి, దాంతోపాటు నిచ్చెన ఎక్కగానే గుండె దడ. రెండుసార్లు గుండెపోటనుకుని ఎమర్జెన్సీకి వెళ్లారు. ఈసీజీ బాగుంది, బిల్లు మాత్రం ఇంకా కడుతున్నారు. మాతో కలిసి నాలుగు వారాలు పనిచేశారు. క్లినిక్ వెనకాల ఒక నిచ్చెన పెట్టుకున్నాం. నాలుగోవారానికి ఆరు మెట్లు ఎక్కి, పైన నిలబడి, దడ తగ్గేదాకా ఆగి, నవ్వుతూ దిగారు.

తర్వాత రావడం మానేశారు. 2025 జనవరిలో, ఆసుపత్రులు, బడులు, చర్చిల దగ్గర ఇమిగ్రేషన్ అరెస్టులు చేయకుండా ఉండే పాత విధానాన్ని ప్రభుత్వం ఎత్తేసింది. అప్పటి నుంచి మా వెయిటింగ్ హాల్లో ఖాళీ కుర్చీలు ఎక్కువయ్యాయి. ఆయన కాగితాల సంగతి నేను ఎప్పుడూ అడగలేదు, అడగను. భార్యకి ఫోన్ చేస్తే నడుం మళ్లీ పట్టేసిందనీ, రాత్రిళ్లు లేచి కిటికీ దగ్గర కూర్చుంటున్నారనీ చెప్పింది. ఈ గురువారం మా ప్రొమొతోరా వాళ్లింటికి వెళుతోంది. ఫోన్‌లో వీడియో కలిపితే నేను అటువైపు ఉంటాను. వాళ్ల పెరట్లో నిచ్చెన ఉందట.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి ముందు మైకు ఇవ్వండి.